గంజమ్మ తిట్ల జోలపాట

మా ఆవిరి లాండ్రీలో గంజమ్మను ఎరగనివాళ్ళు లేరు. హోటళ్ళ దుప్పట్లు, డాక్టర్ల కోట్లు, వంటవాళ్ళ ఏప్రాన్లు, ఏవి వచ్చినా ఆమె తొట్టిలో మునిగి తేలాల్సిందే. గంజి పెట్టే పని కాబట్టి ఆ పేరు వచ్చిందని కొత్తవాళ్ళు అనుకుంటారు. పాతవాళ్ళను అడిగితే నవ్వుతారు. మనిషే అంత బిర్రుగా ఉంటుంది మరి. కక్ష పట్టిందంటే ఎన్ని నీళ్ళలో జాడించినా మెత్తబడదు.

ఆ కక్ష లోకం మీద కాదు. ఒక్క మనిషి మీద. ఇస్త్రీ గదికి పెద్ద అయిన హుకుమమ్మ మీద. హుకుమమ్మ గంజమ్మ మొగుడికి స్వయానా అక్క. ఆ గదిలో ఆమె నోట్లోంచి వచ్చిందే హుకుం. ఇంట్లోనూ అంతే. తమ్ముడు మా లాండ్రీ వ్యాను నడుపుతాడు. స్టీరింగు అతని చేతిలో ఉంటుంది కానీ, అతన్ని నడిపేది మాత్రం అక్క.

గంజమ్మ ఊరికే కూర్చునే రకం కాదు. హుకుమమ్మ తన ఇంటి బట్టలు తెచ్చి తొట్టి పక్కన పడేసినప్పుడల్లా ఆ రవికలకు ఎంత గంజి పట్టించేదంటే, అవి లోపల మనిషి లేకుండానే నిలబడేవి. చేతులు ఎత్తితే చంకల్లో కోసుకుపోయేవి. "ఏమే మరదలా, ఇది గంజా, సిమెంటా?" అని హుకుమమ్మ అరిస్తే, "నీలాంటి పెద్దమనిషి బట్టలు నలిగితే బాగోదు కదా వదినా" అని తల వంచుకుని చెప్పేది. కానీ ఇవన్నీ చిల్లర పనులు. అసలు బాకీ తీరేది కాదు, అది కూతురి సంగతి.

ఆ కథ చెప్పాలంటే మా లాండ్రీ అలవాటు ఒకటి చెప్పాలి. మా దగ్గర దగ్గు ఎవరికి వచ్చినా ఒకటే మందు, ఇస్త్రీ గదిలో ఆవిరి. జలుబైనా, ఆయాసమైనా, గొంతు పట్టేసినా తీసుకెళ్ళి పెద్ద మెషిను పక్కన నిలబెట్టేవాళ్ళు. పొద్దస్తమానం ఆవిరిలో బతికేవాళ్ళం, దాన్ని మించిన వైద్యం ఉంటుందని మాకెవరికీ తోచలేదు.

గంజమ్మ కూతురు నడక నేర్చి, మాటలు కూడబలుక్కుంటున్న వయసులో ఒకరోజు కుక్క మొరిగినట్టు దగ్గింది. హుకుమమ్మ వచ్చి పిల్లను లాక్కుని ఇస్త్రీ గదిలోకి వెళ్ళి, ఆవిరి బయటికి పోకూడదని తలుపు గడియ పెట్టింది. లోపల పిల్ల హడలిపోయి ఏడ్చింది. ఏడ్చేకొద్దీ ఊపిరి అందలేదు. బయట తల్లి తలుపు బాదుతూనే ఉంది, మెషిన్ల మోతలో ఎవరికీ వినపడలేదు. పిల్ల గింజుకుంటూ చెయ్యి విసిరితే అది కాలుతున్న పైపుకు తగిలింది. గడియ తియ్యగానే గంజమ్మ పిల్లను అందుకుంది. జనం పరిగెత్తుకొచ్చేసరికి, కాలిన పిల్ల తల్లి చంకలో ఉంది. హుకుమమ్మ ఒక్క క్షణం చూసి నోరు తెరిచింది. "పైపు దగ్గరికి పోవద్దంటూనే ఉన్నా! ఈ మహాతల్లి వింటేనా?"

అంతే. పెద్దది కదా, అందరూ నమ్మారు. మొగుడు నమ్మాడు. పెరిగి పెద్దయ్యాక కూతురూ నమ్మింది. మోచేతి కింద మచ్చ కనపడకుండా పొడుగు చేతుల జాకెట్లు వేసుకునేది. ఇక్కడే బట్టలు మడతపెట్టే బల్ల దగ్గర పని. మధ్యాహ్నం కారియరు పట్టుకుని "అత్తా, రా తిందాం" అంటూ తల్లి ముందునుంచే హుకుమమ్మ దగ్గరికి పోయేది. అప్పుడు గంజమ్మ తొట్టిలో కర్ర తిప్పే తీరు చూడాల్సింది. అందులో బట్టలు కాదు, ఆడపడుచు ఉందన్నట్టు తిప్పేది.

ఆ రోజుల్లో ఆసుపత్రి వార్డు బయట కూర్చున్నప్పుడు ఒక నర్సమ్మ గంజమ్మకు అంతా విడమర్చి చెప్పింది. దాన్ని క్రూప్ అంటారట. జలుబు పురుగు వల్ల గొంతులోని మాటపెట్టె దగ్గర వాపు వస్తుంది. చిన్నపిల్లల గొంతు సన్నం కాబట్టి దారి మూసుకుపోతుంది. గొంతు బొంగురుపోతుంది, దగ్గు మొరిగినట్టుంటుంది, గాలి పీల్చినప్పుడు కీచుమంటుంది. ఆవిరి దాన్ని తగ్గించదు, ఒళ్ళు మాత్రం కాలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, పిల్లను ఏడిపించకూడదు. గంజమ్మ ప్రతి ముక్కా గట్టిగా పట్టుకుంది. జ్ఞానం కోసం కాదు. ఏదో ఒకరోజు నలుగురిలో హుకుమమ్మను ఎండగట్టడానికి. దానికో ఉపన్యాసం కూడా తయారుచేసుకుంది. గంజి కాస్తూ, తొట్టి కడుగుతూ దాన్ని సానబెడుతూనే ఉండేది.

చివరికి ఆ రోజు రానే వచ్చింది.

హుకుమమ్మ కోడలు మాసిన బట్టలు వేరుచేసే చోట పనిచేస్తుంది. చంటాడికి జలుబని వెంట తెచ్చుకుంది. వాణ్ణి అందరం బుడ్డోడంటాం. ఇంకా పాలసీసా వదలని వయసు. పొద్దున్నుంచి వాడి గొంతు ముసలాడి గొంతులా ఉందని మేమంతా నవ్వుకున్నాం. భోజనాలయ్యాక మడతపెట్టిన దుప్పట్ల మీద నిద్రపోయినవాడు ఉన్నట్టుండి లేచి దగ్గాడు. గేటు దాటి కుక్క లోపలికొచ్చిందేమోనని కాపలాదారు కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

హుకుమమ్మ వచ్చి కోడలి చేతుల్లోంచి వాణ్ణి తీసేసుకుంది. "దగ్గే కదే, దానికింత కంగారెందుకు? కాస్త ఆవిరి పట్టిస్తే ఇట్టే కరిగిపోతుంది."

అంత జరిగాక కూడా మళ్ళీ ఆవిరేనా అని మీరు అడగొచ్చు. ఆవిరి తప్పని ఒప్పుకుంటే ఆ రోజు తప్పు తనదేనని ఒప్పుకున్నట్టే కదా. ఆడిన అబద్ధాన్ని నిలబెట్టుకోవడానికి ఆమె ఇన్నాళ్ళూ ప్రతి దగ్గునూ ఆ గదిలోకే పంపింది.

గంజమ్మ తొట్టి దగ్గర్నుంచి వచ్చి ఇస్త్రీ గది గుమ్మానికి అడ్డంగా నిలబడింది. రెండు చేతులూ మోచేతుల దాకా గంజి. కళ్ళు మాత్రం వెలిగిపోతున్నాయి.

"ఆగవే హుకుమమ్మా!" హాలంతా దద్దరిల్లింది. "ఒక పసిదాన్ని కాల్చావు, అది చాల్లేదా? నా బతుకు మీద మన్నుపోసి, నా కడుపున పుట్టినదాన్ని నాకు కాకుండా చేసి..."

అందరం పని ఆపేశాం. ఇన్నాళ్ళకు జరగబోతోంది, ఒక్క ముక్క వదలకూడదని బల్లలెక్కినవాళ్ళు కూడా ఉన్నారు. అవతల కూతురు దుప్పటి అంచు పట్టుకుని మొహం మాడ్చుకుంది.

కానీ ఆ అరుపుకు బుడ్డోడు ఉలిక్కిపడ్డాడు. పెదవి వంకర తిరిగింది. కెవ్వున ఏడ్చాడు. ఏడుపు మధ్య గాలి పీల్చుకోబోతే గొంతులోంచి కీచుమని శబ్దం వచ్చింది. మెడ కింద గుంట లోపలికి పోయింది. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోయింది.

గంజమ్మ అది చూసింది. అంత సానబెట్టిన ఉపన్యాసం నాలుక చివర ఉంది. ఇంకో మాట అరిస్తే హుకుమమ్మ పరువు పోతుంది, పిల్లాడి ఊపిరీ పోతుంది. నోరు మూసుకుంది. అది ఆమెకు ఎంత కష్టమో మాకు తెలుసు.

"మెషిన్లు ఆపండి," అంది గొంతు తగ్గించి. "ఎవరూ గట్టిగా మాట్లాడొద్దు. వాణ్ణి తల్లికి ఇవ్వు వదినా."

"నువ్వెవరే నాకు చెప్పడానికి?"

"ఇవ్వు. నీ మొహం చూస్తే ఆరోగ్యంగా ఉన్నవాడికే ఊపిరాడదు."

కోడలు వాణ్ణి లాక్కుంది. "పిన్నీ, ఏం చెయ్యను?"

"భుజానికి ఆనించుకుని నిటారుగా కూర్చోబెట్టుకో. పడుకోబెట్టకు. బయట చల్లగాలికి రా. నువ్వు భయపడినట్టు వాడికి కనపడకూడదు."

తల్లీకొడుకుల్ని గంజమ్మ గేటు దగ్గర నీడలో కూర్చోబెట్టింది. ఒకామె సంచిలోంచి దగ్గు మందు తీసింది. "అది లోపల పెట్టు తల్లీ, దీనికి అది పనిచెయ్యదు." ఇంకొకామె కఫం తీస్తానని వేలు చాపింది. "నోట్లో వేలు పెట్టావంటే ఆ వేలికి ఇస్త్రీ చేస్తా," అంది గంజమ్మ, పాపాయిని ముద్దు చేసినంత మెత్తగా.

తల్లి భుజం మీద వాడి ఏడుపు తగ్గింది. కానీ కీచు తగ్గలేదు. ఊరికే కూర్చున్నా ప్రతి ఊపిరికీ వస్తోంది. గంజమ్మ వాడి పెదవుల రంగు చూసింది, ఛాతీ చూసింది. "ఏడ్చినప్పుడు మాత్రమే వస్తే కాసేపు చూడొచ్చు. ఊరుకున్నా వస్తోంది. ఇక ఆగకూడదు. ఏమయ్యా, వ్యాను తియ్యి!"

మొగుడు వ్యాను తెచ్చాడు. ముందుసీటుకూ వెనకకూ మధ్య అడ్డు లేదు. బట్టల మూటల మీద కోడలు బుడ్డోణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా గంజమ్మ, పక్కన హుకుమమ్మ. కిటికీలన్నీ తీశారు. ఆ తర్వాత లోపల జరిగింది కోడలు చెప్పిందే, ఇప్పటికీ చెబుతూ పడీపడీ నవ్వుతుంది.

సందు మలుపు తిరగ్గానే హుకుమమ్మ ముక్కు ఎగబీల్చి, "నా బంగారుకొండా, నీకేమైందిరా!" అని మొదలెట్టింది. బుడ్డోడు నానమ్మ మొహం చూశాడు. పెదవి మళ్ళీ వంకర పోయింది.

"నవ్వు వదినా," అంది గంజమ్మ.

"ఎలా నవ్వనే? గుండె ఆగిపోతుంటే?"

"నువ్వేడిస్తే వాడేడుస్తాడు. వాడేడిస్తే దారి మూసుకుపోతుంది. పళ్ళు కనపడాలి. ఊఁ."

హుకుమమ్మ కన్నీళ్ళు కారుస్తూనే పళ్ళన్నీ బయటపెట్టింది. దాన్ని చూసేసరికి గంజమ్మకు ఆలోచన వచ్చింది. అరవకూడదు, అంతేగా! పాడకూడదని ఎవరూ అనలేదు. ఒళ్ళో దుప్పటి తట్టుతూ అందుకుంది.

"జోజో వదినమ్మ, జోజో... పాపిష్టి వదినమ్మ, జోజో... ఆనాడు నా చంటిదాన్ని లాక్కుపోయిన చేతులు ఎవరివే, జోజో..."

బుడ్డోడు ఏడుపు మర్చిపోయి చూస్తున్నాడు.

"ఏంటే ఇది?" అని పళ్ళ మధ్యనుంచి హుకుమమ్మ.

"నవ్వుతూనే ఉండు. పాటకు జవాబు చెప్పు. ఆగావంటే వాడు బిక్కమొహం వేస్తాడు. గడియ పెట్టింది ఎవరే, జోజో..."

హుకుమమ్మ మనవణ్ణి చూసింది. వాడి మెడ కింద గుంట చూసింది. నవ్వుతూనే, "నేనేనమ్మా, జోజో..." అంది.

"తలుపు బాదింది ఎవరే, జోజో..."

"నువ్వేనమ్మా..."

"కాల్చింది తల్లని కూసింది ఎవరే, సిగ్గులేనమ్మా, జోజో..."

"నేనే... నేనేనమ్మా, జోజో..."

వ్యాను ఒక్కసారి నెమ్మదించింది. మొగుడు అద్దంలోంచి వెనక్కి చూస్తున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"రోడ్డు చూడవయ్యా మారాజా, జోజో..." అని అదే రాగంలో గంజమ్మ. "నీ సంగతి ఇంటికెళ్ళాక చూస్తా, జోజో..."

ఆసుపత్రిలో డాక్టరమ్మ వాణ్ణి తల్లి ఒళ్ళోంచి కదపకుండానే చూసింది. వాపు తగ్గే మందు కొంచెం నోట్లో పోశారు. పొగలా వచ్చే మందుకు మాస్కు పెట్టబోతే గింజుకున్నాడు, కాస్త ఎడంగా పట్టుకోమన్నారు. గంజమ్మ ఇంకో చరణం కట్టింది. అందులో హుకుమమ్మ గంజి రవికల ప్రస్తావన కూడా ఉందట. సాయంత్రానికి కీచు పోయింది. బుడ్డోడు పాలసీసా అడిగాడు.

"ఈ రాత్రి మళ్ళీ రావచ్చు," అంది డాక్టరమ్మ. "ఊరుకున్నప్పుడు కూడా కీచుమంటే, ఎముకల మధ్య గుంటలు పడితే, పెదవులు నీలంగా మారితే, మింగలేక చొంగ కారిస్తే క్షణం ఆగకుండా తీసుకురండి."

వరండాలో హుకుమమ్మ మరదలి చెయ్యి పట్టుకుంది. "వాణ్ణి నిలబెట్టావే. ఆ పాత మాట మనలో మనకే ఉండనీ. నీ కాళ్ళు పట్టుకుంటా."

"కాళ్ళు నాకొద్దు వదినా. నోరు కావాలి. రేపు మడతల బల్ల దగ్గర. నా కూతురి ముందు."

మర్నాడు మేమంతా పని మొదలెట్టకుండా నిలబడ్డాం. హుకుమమ్మ బల్ల దగ్గరికొచ్చి, నేల చూస్తూ ఏదో గొణిగింది.

"వినపడలేదు," అంది గంజమ్మ.

"ఆ రోజు పిల్లను లోపలికి తీసుకెళ్ళింది నేను."

"వెనకవాళ్ళకు వినపడలేదు. ఇప్పుడు పిల్లాడు లేడుగా, గొంతు విప్పు వదినా."

"నేనే! గడియ పెట్టింది నేనే! మీ అమ్మ తప్పు లేదే తల్లీ!" అని హుకుమమ్మ అరిచేసరికి గోడలు మోగాయి.

 కూతురు మెల్లగా జాకెట్టు చెయ్యి పైకి మడిచి మచ్చ చూసుకుంది. "ఇన్నేళ్ళూ నా చేత మా అమ్మను తిట్టించావా అత్తా?" అంది. "నీ పక్కన కూర్చోబెట్టుకుని, ముద్దలు కలిపి పెడుతూ?" తన కారియరు తీసుకుని తిన్నగా గంజి తొట్టి దగ్గరికి నడిచింది. ఆ పిల్ల తల్లికంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. ఆ రోజు నుంచి అత్తను పలకరించలేదు, తిట్టనూ లేదు. మనిషిని కాక గోడను దాటుతున్నట్టు దాటిపోతుంది. తిట్లకైతే హుకుమమ్మ అలవాటు పడేది.

గంజమ్మ మెత్తబడిందా అంటే, లేదు. ఆ సాయంత్రమే పనయ్యాక హుకుమమ్మ కళ్ళు తుడుచుకుంటూ గేటు దాటుతుంటే వెనకనుంచి పిలిచింది.

"వదినా! ఈ రాత్రి వాడు మళ్ళీ మొరిగినట్టు దగ్గితే నాకు కబురు పెట్టు. ఏ వేళైనా సరే, వస్తా."

హుకుమమ్మ ఆశగా వెనక్కి తిరిగింది. "వస్తావా?"

"వస్తా. ఇంకా చాలా చరణాలు మిగిలిపోయాయి."