మూసుకోని గుప్పెట

పొద్దున బడి కిటికీ రెక్కలు తీశానో లేదో, రొయ్యల గుంటల్లో నీళ్ళకు గాలి పట్టిస్తూ తిరిగే ఏరేటర్ల మోత లోపలికి వచ్చేసింది. ఇందుకూరుపేట నుంచి సముద్రం వైపు వచ్చే దారిలో కాపురమున్న వాళ్ళెవరికీ ఆ మోత వినపడదు, అంతగా అలవాటైపోయింది. నాకు మాత్రం అది చెవిన పడగానే గొంతు దానంతటదే ఆ శ్రుతిలో నిలబడుతుంది. అలా నిలబెట్టిన మనిషి మా వకుళ టీచర్. ఆవిడ గురించి రాద్దామని ఎన్నిసార్లు కూర్చున్నా, ఆ మధ్యాహ్నం దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోతుంది. ఇవాళ ఏదేమైనా రాసి తీరతాను.

ఆవిడ రోజూ నెల్లూరు నుంచి బస్సులో వచ్చేవారు. మాది చేపల వేటకు పోయే వాళ్ళ పిల్లలు చదివే బడి. అలల హోరు మీదుగా కేకలేసి పిలుచుకునే గొంతులు మావి. మెల్లగా మాట్లాడటమే రాదు, ఇక అందరం కలిసి పాడటమా! శ్రుతిపెట్టె లేదు, కొనిచ్చే దిక్కూ లేదు. మొదటి రోజు టీచర్ మమ్మల్ని కిటికీ దగ్గర నిలబెట్టి, "ఏందిరా ఆ మోత?" అని అడిగారు. "రొయ్యల గుంట, టీచర్!" అని అరిచాం. "అదే మన శ్రుతిపెట్టె. నోరు మూసుకుని దాంతో కలవండి చూద్దాం" అన్నారు. మూలిగాం, నవ్వుకున్నాం, తిట్లు తిన్నాం, మళ్ళీ మూలిగాం. కొన్నాళ్ళకు ఒకరోజు మూలుగు మధ్యలో కరెంటు పోయి ఏరేటర్లు ఆగిపోయాయి. మా మూలుగు మాత్రం కదలకుండా అక్కడే నిలిచింది. టీచర్ ఎగిరి గంతేసినంత పని చేశారు. "కరెంటు పోయింది గానీ మీరు పోలేదురా!" అంటూ అందరి బుగ్గలూ పుణికారు. మా జన్మలో మమ్మల్ని అంతగా మెచ్చుకున్న వాళ్ళు లేరు.

ఊపిరి ఎలా తీసుకోవాలో కూడా ఆవిడే నేర్పారు. పక్కపిల్ల తీసుకునేటప్పుడు మనం తీసుకోకూడదు. అలా వంతులేసుకుంటే పాట ఎక్కడా తెగదు. ఇక అన్నిటికన్నా గట్టిగా నేర్పింది గుప్పెట సంగతి. ఆవిడ కుడిచెయ్యి చాచి వేళ్ళు విప్పితే పాడాలి, గుప్పెట మూస్తే ఆగాలి. ఒకసారి పాట మధ్యలో హెడ్మాస్టరుగారు లోపలికి వచ్చారు. మేం పాట ఆపేసి, లేచి "నమస్తే సార్" అన్నాం. టీచర్ ముఖం కందగడ్డయింది. "సారు వచ్చినా సరే, పైకప్పు ఊడి మీద పడినా సరే, నా గుప్పెట మూసేదాకా పాట ఆగకూడదు. అర్థమైందా?" అన్నారు. హెడ్మాస్టరుగారు నవ్వి, "పాడండమ్మా పాడండి, నాదే తప్పు" అంటూ వెనక్కి తిరిగారు. మేమూ నవ్వాం. ఆ మాట మాలో ఎంత లోతుగా దిగిందో అప్పుడు ఎవరికీ తెలియదు.

ఆగస్టు పదిహేనుకు టీచర్ సొంతంగా ఒక పడవ పాట కట్టారు. దానికి చివరంటూ లేదు. ఆఖరి చరణం వచ్చి మొదటి చరణంలో కలుస్తుంది, గుప్పెట మూస్తేనే ఆగుతుంది. ఆ మధ్యాహ్నం అన్నాలయ్యాక, వరండాలో చిన్నపిల్లల గోల పడలేక తలుపు దగ్గరగా వేసి మొదలుపెట్టారు. రెండో చరణంలో ఆవిడ మూతి ఒక పక్కకు జారింది. గోడకు ఆనుకుని, మెల్లగా కిందికి జారి, పక్కకు ఒరిగిపోయారు. కుడిచెయ్యి నేల మీద వెల్లకిలా పడింది. వేళ్ళు విప్పి ఉన్నాయి. మేం పాడుతూనే ఉన్నాం. అవును, పాడుతూనే ఉన్నాం! చరణాలు అయిపోతే మళ్ళీ మొదటికి వెళ్ళాం. అందరి కళ్ళూ ఆ చేతి మీదే. నా పక్కన సుజాత ఏడుస్తూ పాడుతోంది. దానికి వెక్కిళ్ళు వచ్చిన ప్రతిసారీ నేను ఊపిరి బిగబట్టి పాట తెగకుండా చూశాను. అచ్చం నేర్పినట్టే.

మాకు అన్నం వండే అంకమ్మక్క కిటికీ అవతలే గిన్నెలు తోముకుంటూ ఉంది. తోమడం అయ్యాక చీపురు కోసం తలుపు తోసింది. "ఓరి దేవుడా! టీచరమ్మ పడిపోయుంటే పాడతా ఉండారేందే!" అని గావుకేక పెట్టింది. ఆ కేకకు కూడా కొందరం ఆపలేదు. తడి చేతులతో మా నోళ్ళు మూసి ఆపించింది. టీచర్‌ని ఆటోలో నెల్లూరు తీసుకుపోయారు. ఇంకాస్త ముందు తెచ్చుంటే బాగుండేదని డాక్టరు అన్నాడట. ఆ తర్వాత ఎవరు ఏమడిగినా అంకమ్మక్కది ఒకటే మాట. "పాట వినపడతానే ఉండె గదయ్యా! ఏ తేడా లేకపోయె. అంతా బాగుండాదనుకుంటి."

కొన్ని వారాలకు మా నాన్న నన్ను టీచర్ ఇంటికి తీసుకెళ్ళాడు. పక్షవాతం. మంచం మీద దుప్పటి పైన ఆ చెయ్యి అలాగే విప్పి ఉంది. నేను దగ్గరికి వెళ్ళి గర్వంగా చెప్పాను. గర్వంగానే! "టీచర్, మీ గుప్పెట మూయలేదు గదా, అందుకే మేం ఆపలేదు. అంకమ్మక్క వచ్చిందాకా పాడతానే ఉన్నాం."

టీచర్ నావైపు తల తిప్పారు. మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. "విన్నా పాపా... అంతా విన్నా. ఆపండి, ఆపండి అని... లోపల్లోపల అరస్తానే ఉన్నా. నోరు రాలా. చెయ్యి మూద్దామని... ఎంతో చూసినా. మూసుకోలా."

నాన్న చేతిలోని చేపల సంచి కిందికి జారిపోయింది. ఆవిడకు స్పృహ ఉందా! నేల మీద పడి, మా పాట మొత్తం వింటూ, ఆపమని బతిమాలుకుంటూ ఉన్నారా! నేను బావురుమంటే, ఎడమచేత్తో నా తల నిమిరారు. "మీ తప్పు గాదు బంగారూ. ఎప్పుడు ఆపాలో... నేను నేర్పలా." ఆవిడ మళ్ళీ బడికి రాలేదు.

ఇప్పుడు అదే బడిలో, అదే గదిలో నేను పిల్లలకు పాటలు నేర్పుతున్నాను. ఏరేటర్ల శ్రుతి అదే, ఊపిరి వంతులూ అవే. ఒక్కటి మాత్రం మార్చాను. ఏదైనా తేడాగా అనిపిస్తే ఎవరైనా పాట ఆపొచ్చు, ఎంత చిన్నపిల్లయినా సరే. పోటీలకు వెళితే మా వాళ్ళు దోమ కుట్టినా ఆపేస్తారు. ఒక్క బహుమతి వస్తే ఒట్టు. "పిల్లలకు క్రమశిక్షణ లేదమ్మా" అని తోటి టీచర్లు దెప్పుతారు. దెప్పనీ.

ఇవాళ పాడించేటప్పుడు వకుళ టీచరే మనసులో మెదిలారు. చెయ్యి చాచే ఉంచి, ఒక్క క్షణం వెనక్కి గోడకు ఆనుకున్నాను. అంతే. ముందు వరసలోని రెండో తరగతి పిల్ల "ఆపండే! ఆపండి!" అని కేక పెట్టి, పరుగెత్తుకొచ్చి నా కొంగు పట్టుకుంది. "టీచర్, ఏమైంది మీకు?" గదిలో ఏరేటర్ల మోత తప్ప ఏమీ లేదు. నా చెయ్యి ఇంకా చాచే ఉంది, వేళ్ళు విప్పే ఉన్నాయి. ఒక్క గొంతు కూడా పాడటం లేదు.