మూడో నంబరు చీటీ

మా తోటికోడలు మనుషుల్ని నమ్మదు, స్క్రూలను నమ్ముతుంది అని వర్క్‌షాపులో అందరూ నవ్వుకునేవారు. అది అబద్ధం. ఆమె స్క్రూలను అసలు నమ్మేది కాదు. చేత్తో చూడందే ఒక్కటి కూడా కవర్లో వేసేది కాదు. నమ్మింది మనుషుల్నే. అందులోనూ నన్ను.

మాది చెక్క అల్మారాలు తయారుచేసే చోటు. పలకలు కోసి, అంచులు అతికి, విడివిడిగానే పెట్టెల్లో సర్ది పంపిస్తారు. కొన్నవాళ్ళు ఇంట్లో బిగించుకుంటారు. ఆ పెట్టెలో పడే స్క్రూల కవర్లు కట్టడం మా పని. పొడవాటి బల్ల, దాని మీద పదకొండు రేకు డబ్బాలు, వీపు ఆనించుకోవడానికి ఏమీ లేని స్టూళ్ళు నాలుగు. రంపపు పొట్టు జడల్లోకీ, అన్నం డబ్బాల్లోకీ దూరేది. తోటికోడల్ని నేను అక్కా అనే పిలుస్తాను. అక్క అక్కడ ఇరవై రెండేళ్ళు కూర్చుంది. నేను ఆ ఇంటికి చిన్న కోడలిగా వచ్చిన మూడో ఏట, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, "మా ఇంటి పిల్ల సార్, దీనికి నేను పూచీ" అని ఓనరుకు చెప్పి పనిలో పెట్టించింది.

పని నేర్పింది కూడా ఆమే. తిట్టి నేర్పింది.

"పలక పద్దెనిమిది మిల్లీలు. తలుపు బందుకి పదహారు మిల్లీల స్క్రూ. నువ్వు ఇరవై వేశావనుకో, అవతల ముక్కు బయటపెడుతుంది. ఎవరి చీరో చిరుగుతుంది, మన వంశాన్ని తిట్టిపోస్తారు."

పొట్టు అదిమి చేసిన పలకకు చుట్లు లోతుగా, ఎడంగా ఉన్న పసుపు పూత స్క్రూలే వెయ్యాలి. సన్నచుట్లవి లోపల పొడి చేసి పట్టు వదిలేస్తాయి. ఇక నల్లవంటే ఆమెకు పరమ చిరాకు. అవి గదుల పైకప్పుకు జిప్సం పలకలు బిగించేవి. "నిగనిగలాడతాయే గానీ ఒట్టి పెళుసు. బరువు పడితే మెడ పుటుక్కుమంటుంది" అనేది. ఒకసారి ఆ నల్లవే పంపి, పొడవు సరిపోతే చాలదా అని స్టోరు గుమాస్తా అంటే, "పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయయితేనేం అన్నట్టుంది నీ వరస" అని అతని నోరు మూయించింది.

ప్రతి కవర్లోనూ కట్టినవాళ్ళ నంబరు చీటీ వెయ్యాలి. నాది అయిదు, ఆమెది మూడు. తనిఖీ బల్ల దగ్గర మా కవర్లు విప్పి చూసేవారు. మూడో నంబరువి విప్పేవారు కాదు. ఈ సంగతి తెలిశాక తొందర పని పడ్డప్పుడల్లా అందరం అక్క డబ్బాలోంచి చీటీలు తీసుకునేవాళ్ళం. ఆమెకు తెలుసు. "నా నంబరు ఊరుమ్మడి సొత్తయిపోయిందర్రా" అని నవ్వేదే గానీ వద్దనేది కాదు. ఆ నవ్వులో కాస్త గర్వం ఉండేది. ఆమె చేసిన తప్పంటూ ఉంటే అదొక్కటే.

వచ్చే నెల నుంచి తనిఖీ బల్ల ఆమెదేనని ఓనరు మాటిచ్చాడు. అక్కడ చేరబడే కుర్చీ ఉంటుంది. నడుము నొప్పితో పడుకుంటే లేవడానికే అవస్థపడే మనిషి, ఆ కుర్చీ కోసం అప్పుడే ఒక చిన్న దిండు కూడా కుట్టుకుంది.

ఆ రోజు వంటింటి గోడ అల్మారాల లోడు. లారీ ఇంజను ఆపకుండా డ్రైవరు హారను కొడుతున్నాడు. నాకింకా పద్నాలుగు కవర్లు కావాలి, పసుపువి అయిపోయాయి. కొత్త పెట్టె కోసం అక్క స్టోరుకు వెళ్ళి గుమాస్తాతో పోట్లాడుతోంది. పక్క డబ్బాలో నల్లవి ఉన్నాయి, సరిగ్గా అదే పొడవు. తెలియక వేశానని చెప్పుకోను. తెలిసే వేశాను. నా అయిదో నంబరు వేస్తే విప్పి చూస్తారని కూడా తెలుసు. అందుకే పద్నాలుగింటిలోనూ మూడో నంబరు చీటీ వేసి పిన్ను కొట్టాను.

అక్క వట్టి చేతులతో వచ్చి, "సరిపోయాయా?" అంది.

"డబ్బా అడుగున దొరికాయక్కా."

నమ్మింది.

మూడు వారాలకు ఓనరు ఒక కవరూ, మెడలు తెగిన నాలుగు నల్ల స్క్రూలూ తెచ్చి మా బల్ల మీద పడేశాడు. ఎవరింట్లోనో గిన్నెలతో సహా అల్మారా ఊడిపడింది. కింద నిలబడ్డ ఇల్లాలికి మణికట్టు ఎముక విరిగింది.

"ఈ చీటీ ఎవరిది?" అన్నాడు.

"నాదే సార్."

"నల్లవి వెయ్యకూడదని ఊరందరికీ పాఠాలు చెప్పేది నువ్వే కదమ్మా!"

అక్క కవరు అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమె పిన్ను నిటారుగా కొడుతుంది. నాది ఎడమచేతి వాటం, నేను కొడితే వాలుగా పడుతుంది. ఆ పిన్ను మీద ఒకసారి వేలు పెట్టి, తలెత్తి నా వైపు చూసింది. నేను డబ్బాలోకి చూస్తూ స్క్రూలు ఏరుతున్నాను.

"చీటీ నాదే సార్. ఆ లోడులో ఇలాంటివి ఇంకా ఉంటాయి. ముందు వాటిని వెనక్కి తెప్పించండి" అంది.

మధ్యాహ్నం అన్నాల వేళకు ఆమెను పనిలోంచి తీసేశారు.

సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి వంటగదిలో కూరగాయలు తరుగుతోంది. గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

"అక్కా, రేపు సార్‌కి నిజం చెప్పేస్తాను."

"చెబితే నన్ను పిలిచి కుర్చీ వేస్తాడా? నా చీటీలు అందరికీ పంచిపెట్టానని ఇంకో నాలుగు తిడతాడు. నిన్నూ గెంటేస్తాడు. ఇంట్లో ఒక్క జీతమైనా ఉండాలి. నోరు మూసుకుని పనికి పో."

నాకు ఏడుపు వచ్చేసింది. ఆమె చాకు కింద పెట్టలేదు.

"ఏడవకు. జాలిపడి చెబుతున్నాననుకోకు. నిన్ను చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోతోంది."

ఒక్కసారైనా కాదక్కా, చెప్పి తీరతాను అనలేదు నేను. "సరే అక్కా" అన్నాను. అనగానే గుండె మీంచి బరువు దిగినట్టయింది. ఆమె వద్దంటుందనే ఆ మాట అడిగానని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు.

మర్నాడు నోరు మూసుకుని, రోజూ కంటే పావుగంట ముందే పనికి వెళ్ళాను.