రోజీకి అర్థంకాని తెలుగు

మా నాన్నగారు హిందీ మాట్లాడే కిరండూల్‌లో ఇనుప ఖనిజం గూడ్సు నడిపేవారు. నేనప్పుడు పదకొండో తరగతి. పక్క క్వార్టర్ రోజీ, నేను కలిసి స్కూలు కంప్యూటర్లో ఒక ప్రోగ్రాం తయారుచేశాం. అందులో రెండు కృష్ణబిలాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి, చివరికి ఒకటైపోతాయి. లెక్కలన్నీ నావి, రంగులు దానివి. క్లాసులో ఎవరికీ తెలియకూడదని ఆ కబుర్లన్నీ తెలుగులోనే చెప్పుకునేవాళ్ళం.

జగదల్‌పూర్ సైన్స్ ప్రదర్శనలో, నా హిందీ అంతంతమాత్రమని రోజీనే మాట్లాడమన్నాను. తెరమీద బిలాలు కలవగానే చప్పట్లు మోగాయి. ఇదెవరు చేశారని జడ్జిగారు హిందీలో అడిగారు.

"మైనే బనాయా సర్, అకేలే," అంది రోజీ. ఒక్కతే చేసిందట!

 నేను దాని చెయ్యి పట్టుకున్నాను.

"అదేటే రోజీ, ఇద్దరం కలిసి సేసినాం కదే! సెప్పవే!"

అది చెయ్యి విడిపించుకుని, జడ్జిగారి వైపు తిరిగి నవ్వింది. "యే క్యా బోల్ రహీ హై సర్, ముఝే సమఝ్ నహీ ఆతా."

వాళ్ళమ్మ జోలపాడిన భాష దానికి అర్థం కాలేదట!

బహుమతి సంగతి ఎప్పుడో మరిచిపోయాను. ఆ నవ్వు మాత్రం మరవలేదు. ఇప్పటికీ నా పుట్టినరోజుకి రోజీ హిందీలో శుభాకాంక్షలు పంపుతుంది. నేను తెలుగులోనే జవాబిస్తాను.