ఎడమ చెవికి కాపలా

మొన్న వట్లూరులో గడ్డం గీయించుకుంటుంటే సెలూన్ అతను నా ఎడమ చెంప మీద చన్నీళ్లు చిలకరించాడు. అలవాటు కొద్దీ కుర్చీ చేతులు బిగించి పట్టుకున్నాను. నొప్పి రాలేదు. గాలి తగిలినా, పళ్లు తోముకున్నా కరెంటు తీగ తగిలినట్టు దవడ నుంచి కంటిదాకా కొట్టే ఆ నరం నొప్పి, ఆపరేషనయ్యాక మళ్లీ రానేలేదు. ఆ సంతోషంలో అక్కడున్న వాళ్లందరికీ కథ చెప్పాను. చెవి వెనుక ఎముకకు కన్నం పెట్టి నరం సరిచేస్తున్నంతసేపూ నేను మెలకువగానే ఉన్నాననీ, "ఇంకాస్త పక్కకండీ డాక్టరుగారూ" అంటూ దారి చూపించింది నేనేననీ! కత్తెర చప్పుడు కూడా ఆగిపోయింది.

మీరు నా ఈడువాళ్లు కాబట్టి మీ దగ్గర దాచను. మత్తులో, గట్టున పడేసిన చేపలా పడి ఉన్నాను.

నా కుడి చెవి ఏనాడో పోయింది. ఈ నొప్పి నరానికి పక్కనే వినికిడి నరం ఉంటుందనీ, నొప్పి నరం మీద ఒత్తుతున్న రక్తనాళాన్ని పక్కకు తప్పించేటప్పుడు అది కాస్త సాగినా ఉన్న ఒక్క చెవీ పోవచ్చనీ విజయవాడలో డాక్టరుగారు ముందే చెప్పారు. "ఇప్పుడే పిలిస్తే పలకరు, ఇక సాకు కూడా దొరుకుతుందన్నమాట" అంది మా ఆవిడ. అనేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ ఒక్క చెవీ పోకుండా చూసుకోవడానికని దాన్లో చిన్న ఇయర్‌ఫోన్ పెట్టి, ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ టిక్కుటిక్కుమని శబ్దం పంపుతూ, అది మెదడుకు చేరుతోందో లేదో మెషీన్ మీద గీతల్లో చూస్తూ ఒక అమ్మాయి కూర్చుందట. మర్నాడు పలకరించడానికి వచ్చి ఆ అమ్మాయే చెప్పింది: "మధ్యలో మీ గీత పడిపోయిందండీ తాతగారూ. నేను చెప్పగానే సారు చెయ్యి ఆపేశారు. అది మళ్లీ లేచేదాకా మా ప్రాణాలు మా దగ్గర లేవండీ."

ఆ కాసేపట్లో నాకు మా నాన్న దోనె తెడ్డు చప్పుడు వినిపించిందని మా ఆవిడకు చెప్పాను, ఆవిడ కళ్లు తుడుచుకుంది కూడా. అదీ అబద్ధమే. ఏ చప్పుడూ వినిపించలేదు. అప్పట్నుంచీ నన్ను వెంటాడుతున్నది ఆ ఏమీ లేకపోవడమే.

మా నాన్నకూ ఇదే నొప్పి, నాకు ఊహ తెలిసేసరికే మొదలైంది. కొల్లేట్లో చేపలు పట్టి బతికిన కుటుంబం మాది. ఎదురుగాలి చెంపకు తగిలితే, ముఖానికి తువ్వాలు చుట్టుకుని ఉన్నా సరే, తెడ్డు ఎత్తినవాడు ఎత్తినట్టే బిగుసుకుపోయేవాడు. పంటినొప్పి అనుకుని ఏలూరు తీసుకెళ్లి ఒక పన్ను పీకించారు, తగ్గకపోతే దాని పక్కదీ, ఆ పక్కదీ. గట్టి పళ్లన్నీ పోయాయి గానీ నొప్పి కదల్లేదు. మాట్లాడితే అది లేస్తుందని, లేని రోజుల్లో కూడా దాన్ని కదిలించడమెందుకని, ఆయన మాటే మానేశాడు. మేము కోపమనుకున్నాం. తన వంట నచ్చలేదని అమ్మ, తాను వల వదిలేసి పెదపాడు వైపు చేపల చెరువుల పనికి పోతున్నానని అన్నయ్య, ఎవరి కారణం వాళ్లు వెతుక్కున్నారు.

మా ఇంట్లో నాన్న మొదటి ముద్ద పెట్టుకోనిదే ఎవరూ కంచంలో చెయ్యి పెట్టకూడదు. నొప్పి రోజుల్లో అన్నం చల్లారిపోతుంటే, ఆయన మావైపు ఒకసారి చూసి, పులుసన్నం కలిపి, చెయ్యి నోటిదాకా తీసుకెళ్లి, బాగుందన్నట్టు తల ఆడించేవాడు. మేము గబగబా తినేసేవాళ్లం. ఆ చేతిలో మెతుకు ఉండేది కాదని, తను ఆయన కంచం ఎత్తినప్పుడు కలిపిన అన్నం కలిపినట్టే ఉండేదని, ఆయన పోయాక అమ్మ చెప్పింది.

నిద్రపోతున్న ముసలాడి చెవికి ఇవాళ కాపలా కూర్చుంటున్నారు. ఆ రోజుల్లో, మా ఎదురుగా మెలకువగా కూర్చున్న మనిషి బాధ మాకెవ్వరికీ వినపడలేదు. దక్కిన చెవితో ఇప్పుడు అన్నీ వింటున్నాను: చేపల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరేటర్ల హోరు, కుక్కర్ కూత, మా ఆవిడ సాధింపు. మా నాన్న కేకేస్తే కొల్లేటి అవతలి గట్టుకు వినపడేదని మనవలకు చెబుతుంటాను, వాళ్లు నమ్ముతారు. నిజానికి ఆయన గొంతు ఎలా ఉండేదో నాకు గుర్తు లేదండీ.