సీటు కోసేసిన యంత్రం

“ఈ యంత్రం లాగుతుంటే చక్రాల కుర్చీ వెనక్కి తిరగబడితే నా పిల్ల తల పగలదా?”

షాపు గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టకముందే, పలకరింపైనా లేకుండా ఆవిడ అడిగిన మొదటి మాట అది.

“పగుల్తుంది,” అన్నాడు బోల్టు బాబాయ్ తాపీగా. “అందుకే తిరగబడనివ్వం. రండి టీచరమ్మా, కూర్చోండి.”

ఆవిడ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. తొమ్మిదేళ్ల కూతురు వీల్‌చెయిర్‌లో తిరుగుతుంది. వచ్చే నెల బడివాళ్లు మూడు రోజుల క్యాంపుకి వెళుతున్నారు. కుర్చీలోంచి మంచం మీదికి ఎవరి సాయం లేకుండా మారగలిగితేనే పిల్లని తీసుకెళతామన్నారు. మారగలదో లేదో చూసే పరీక్షకి ఇరవై రెండు రోజులు గడువు. పిల్లకి వెళ్లాలని ఒకటే ఆరాటం. తల్లికి మాత్రం, ఇది పైకి చెప్పుకునేది కాదు గానీ, పిల్ల పరీక్ష తప్పితే బాగుండునని లోలోపల ఓ పాపిష్టి కోరిక.

బాబాయ్ ఒకప్పుడు సైకిళ్లు బాగుచేసేవాడు. షాపు పైకప్పు రేకు మారుస్తూ జారిపడి, తనూ వీల్‌చెయిర్‌లోకి వచ్చాడు. ఆ తర్వాత ఊళ్లో ఓ పెద్ద జిమ్మువాళ్లు ‘వీల్‌చెయిర్ వాడేవారికి ప్రత్యేకం’ అని బరువులు లాగే యంత్రం ఒకటి తెప్పించి, రిబ్బను కత్తిరించడానికి ఆయన్ని పిలిచారు. గుమ్మానికి మూడు మెట్లు. నలుగురు కలిసి మోసుకెళ్లారు. తీరా చూస్తే యంత్రానికి సీటు బిగించి ఉంది.

“కుర్చీ దిగి ఇందులో కూర్చోవాలండీ,” అన్నాడు మేనేజరు వినయంగా.

“అంత సులువుగా దిగగలిగితే మీ కత్తెర పట్టుకోడానికి నేనెందుకయ్యా?”

ఫొటోలో అందరూ నవ్వారు. ఏడాదిపాటు ఆ యంత్రం మీద తువ్వాళ్లు ఆరేసుకుని, చివరికి పాత ఇనుముకి అమ్మబోతుంటే బాబాయ్ తెచ్చుకున్నాడు. సీటు కోసేసి, కుర్చీతో సహా మనిషి దూరేలా స్తంభాలు ఎడం చేసి, తన షాపులోనే నేలకి బిగించాడు. ఆ కోసేసిన సీటు గోడవారగా ఉంది. నడిచొచ్చేవాళ్లు దాని మీద కూర్చుంటారు. టీచరమ్మ కూర్చున్నదీ దాని మీదే.

ఆవిడ ఊరికే రాలేదు. పిల్ల బరువు, చేతి పొడవు, కోణాలు అన్నీ కొలిచి, ఎన్ని కిలోలతో మొదలుపెట్టాలో నాలుగు పేజీల లెక్క కట్టుకొచ్చింది. బాబాయ్ శ్రద్ధగా విని, “సరే, మీ లెక్క ప్రకారమే కానివ్వండి,” అన్నాడు. ఆవిడే స్వయంగా బరువు పెట్టింది. పిల్ల పిడి పట్టుకుని ఊపిరి బిగించి లాగింది. బరువు అంగుళం కదల్లేదు. కుర్చీయే గబుక్కున ముందుకు ఉరికి స్తంభానికి ఠంగుమని తగిలింది.

“టీచరమ్మా, నాలుగు పేజీల్లో చక్రాలెక్కడైనా వచ్చాయా?”

బ్రేకు వెయ్యలేదు! ఘర్షణ పాఠం ఆరేళ్లుగా చెబుతున్న మనిషి నాలిక్కరుచుకుంది.

“అమ్మకి సున్నా,” అంది పిల్ల, స్తంభాన్ని పట్టుకుని పడీపడీ నవ్వుతూ.

ఆ రోజు నుంచి ముందు బ్రేకు, తర్వాతే బరువు. లాగడం కుదురుకున్నాక, పక్క కడ్డీల మీద చేతులానించి ఒళ్లు పైకి లేపడం మొదలైంది. పిల్ల లేవబోయినప్పుడల్లా తల్లి చేతులు వాటంతటవే చంకల కిందికి వెళ్లిపోయేవి. పది రోజులు చూశాడు బాబాయ్.

“మీకు కండలు బాగా వస్తున్నాయమ్మా. పిల్లకే ఇంకా రావట్లేదు.”

“నా వల్ల కావట్లేదు బాబాయ్‌గారూ. పడిపోతుందేమోనని...”

“మా ఆవిడా ఇంతే. ఆరు నెలలు నన్ను ఎత్తి దించింది. తన నడుం పోయింది, నా చేతులు పుల్లలయ్యాయి. ఆవిడ మంచం పడితే గానీ నేను మంచం దిగలేదు.” పెద్ద స్పానరు ఒకటి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. “రెండు చేతులతో దీన్ని వీపు వెనక పట్టుకోండి. అందేంత దగ్గర్లోనే ఉండండి. కానీ పిలిస్తేనే రండి.”

పరీక్ష రోజు బడి నుంచి మేడం వచ్చింది. షాపులో మంచం వేశారు. పిల్ల బ్రేకు వేసి, ఒక చెయ్యి మంచం మీద, ఒక చెయ్యి కుర్చీ మీద ఆనించి లేచింది. సగంలో ఆగిపోయింది. తల్లి గోళ్లు స్పానరు మీద గీసుకుపోయాయి. పిల్ల పిలుస్తుందేమోనని చెవులు రిక్కించింది. పిలవలేదు. కుర్చీని గట్టిగా నెట్టి ధబ్బుమని మంచం మీదికి చేరి, జుట్టు వెనక్కి తోసుకుంటూ అంది: “అమ్మా, ఆ స్పానరు మనది కాదు, బోల్టు తాతకిచ్చెయ్.”

క్యాంపు మూడు రోజులూ ఆవిడ ఫోన్ ఎదురుగా పెట్టుకుని కూర్చుంది. రెండో రోజు మోగింది.

“అమ్మా, టార్చి ఏ జేబులో పెట్టావ్?”

“కుడి వైపు చిన్న జేబులో. ఇంకా...”

పిల్ల అప్పటికే ఫోన్ పెట్టేసింది. తిరిగి చెయ్యాలని వేలు నంబరు దాకా వెళ్లింది. ఆవిడ ఫోన్ బల్ల మీద బోర్లించి, చేతులు రెండూ వీపు వెనక్కి కట్టుకుంది.