అత్త ఆఫీసు, వెనక మిద్దె

మా మేనత్త పోయిందన్న మాట నాకు పెనుకొండ బస్టాండులో తెలిసింది. హిందూపురం నుంచి ధర్మవరానికి, ఆమెను చూడడానికే బయలుదేరాను. "పాపా, మీ అత్త పోయింది. నువ్వు వస్తాండావు కదా?" అన్నాడు మామ ఫోనులో. "వస్తానే ఉండా మామా," అన్నాను. బస్సు కదిలేదాకా ఫోను చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నాను.

ఆ ఇంట్లో మగ్గాలు మామవి, మాట అత్తది. మామ నేసిన పట్టుచీరలను ఆమే అమ్మేది. వాళ్లది వేపకంబాలు, దూలాలతో కట్టిన పాత మట్టిమిద్దె. కొనేవాళ్లను కుర్చీల్లో కూర్చోబెట్టి, ఆమె కింద చాప మీద కూర్చుని చీరలు విప్పేది. దాని గురించి ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. ఆమె అనుకునేదని నాకు ఆలస్యంగా తెలిసింది.

నేను ఆర్కిటెక్చర్ చదివి, ఏ ఉద్యోగంలోనూ కుదురుగా నిలవలేక తిరుగుతున్న రోజులవి. "ఊరికే తిరిగే బదులు నాకొక ఆపీసు గీసియ్యి పాపా," అంది అత్త. "అద్దాలుండల్ల. తిరిగే కుర్చీ ఉండల్ల. వచ్చినోళ్లు నా ఎదురుగా కూచోని మాట్లాడల్ల."

మామ అడ్డం పడ్డాడు. "ఈ మట్టికొంప పక్కన అద్దాల ఆపీసా? కంబాలకు చెదలు పట్టిండాది. మొత్తం పీకేసి కొత్తగా కడదాం."

"నీ మోకాళ్లూ పట్టేసిండాయి. నిన్నూ పీకేద్దామా?" అంది అత్త.

చివరికి మామ ఒక మెట్టు దిగాడు. ముందు ఆఫీసు కడదాం, చీరలకొచ్చే పెండ్లివాళ్లు మిద్దెను చూసి మొహం తిప్పుకుంటే మాత్రం కూల్చేస్తానన్నాడు.

మిద్దెకు తగ్గట్టు చెక్క కిటికీలు, సున్నపు గోడలతో ఒక గది గీసి మురిసిపోతూ తీసుకెళ్లాను. అత్త కళ్లద్దాలు పెట్టుకుని చూసింది. "ఇదేంది, కొత్తగా కట్టి పాతదాని వేషం వేస్తివి? ముసలిదాన్ని ముసలిదానిగా ఉండనీ, వయసుదాన్ని వయసుదానిగా ఉండనీ."

ఆ రోజు మగ్గం దగ్గర ఆమె పోగులు అతుకుతోంది. చీరలు అయిపోయాక పాత పడుగు నిలువుపోగుల కొసలను మగ్గంలోనే ఉంచి, కొత్త పడుగును ఒక్కో పోగుగా వాటికి కలుపుతారు. పక్కన కూర్చుని అది చూస్తూనే మళ్లీ గీశాను. ముందున్న ఖాళీ స్థలంలో ఇనుముతో, అద్దంతో గది. దాని బరువు పాత దూలాల మీద పడదు. కానీ ప్రతి ఇనుపకంబం ఒక వేపకంబానికి సూటిగా నిలబడుతుంది. ఆమె కాగితం మీద ఒక్కో వరుస వెంటా వేలు జరిపి చూసి, "ఓసినీ, అతికినావే!" అంది. నాకు ఇప్పటివరకూ దొరికిన మెప్పుల్లో అదే పెద్దది.

చెదలు తిన్న ఒక్క కంబానికి అడుగు మార్పించాం. అద్దం మాత్రం నీలంరంగుదే కావాలని అత్త నా మాట వినకుండా పట్టుబట్టింది. మొదటి పెండ్లివాళ్లు రానే వచ్చారు. అత్త తిరిగే కుర్చీలో కూర్చుని, నీలం అద్దంలోంచి పడే వెలుతురులో బల్ల మీద చీర పరిచింది.

"ఏమక్కా, ఫోనులో నిమ్మపండు రంగని చూపిస్తివే, ఇది ఆకు మాదిరి ఉండాదే!" అంది పెండ్లికూతురి తల్లి.

అత్త తొణకలేదు. చీర భుజాన వేసుకుని మిద్దెలోకి నడిచింది, వాళ్లంతా వెనకాలే. నడింట్లో గవాచి ఉంది, మిద్దెకప్పులో వెలుతురు కోసం వదిలిన కంత. దాని కింద చీర విప్పితే అసలు రంగు కనిపించింది. "మాట్లాడేదానికి అది, చూసేదానికి ఇది," అంది, అదంతా ముందే అనుకున్నట్టు. మామ మళ్లీ కూల్చే మాట ఎత్తలేదు.

మొన్న కర్మ అయ్యాక ఎవరో పెండ్లివాళ్లు సంగతి తెలియక వచ్చారు. మామ తిప్పి పంపిస్తాడనుకున్నాను. బేరమెప్పుడూ ఆడని ఆ మనిషి చీర చేతిమీద వేసుకుని నడింట్లోకి తీసుకెళ్లాడు. సరిగ్గా అప్పుడే మబ్బు కమ్మి వెలుతురు పోయింది. తలెత్తి గవాచి వైపు చూస్తూ, "రొంతసేపు ఉండండమ్మా, వస్తాది," అన్నాడు. వాళ్లూ తలలెత్తి నిలబడ్డారు.