మకరవల్లి చావుకు కలిపిన నీళ్ళు

చెల్లప్పన్ పగలంతా నూలు మిల్లులో రంగు తొట్ల దగ్గర పనిచేసేవాడు. మోచేతుల దాకా నీలిరంగు పట్టి ఉండేది. పండగలకు నాటకంలో మకరవల్లి రాణి వేషం కట్టేటప్పుడు ఆ చేతులను చింతపండుతో, బూడిదతో రుద్ది, పైన పసుపు పూసుకునేవాడు. అయినా గోళ్ళ అంచున నీలం పోయేది కాదు. జనానికి అదే అలవాటైపోయింది. ఒకసారి వేరే ఊరి మేళం తెల్లగోళ్ళ మకరవల్లిని తెస్తే, ఇదేం రాణి అని సముద్రపు ఒడ్డున ఉన్న వీరాంపట్టినం ఆడవాళ్ళు మూతి తిప్పుకున్నారు.

పుదుచ్చేరిలో కాలువకు పడమటి వైపు ఉన్న తెలుగు ఇళ్ళలో ఆ నాటకం తెలియనివాళ్ళు లేరు. రాజు ఓడెక్కి యుద్ధానికి పోతాడు. ఆయన చనిపోయాడని మంత్రి రాణికి అబద్ధం చెబుతాడు. రాణి మకరవల్లి ఒడ్డున కూర్చుని ఒప్పారి పాడుతుంది. చావు ఇళ్ళలో ఆడవాళ్ళు గుండె బాదుకుంటూ పాడే పాట అది. పాడి, సముద్రంలోకి నడిచిపోతుంది. తరువాత రాజు ప్రాణాలతో వస్తాడు. కథ ఇంతే. దీనికి పుస్తకం లేదు. ఉన్నా చెల్లప్పన్‌కు తెలుగు చదవడం రాదు. మేనమామ తిరుమలై నోటి నుంచే అతను పాటంతా పట్టుకున్నాడు. తిరుమలై అతన్ని అలల ముందు నిలబెట్టి, ఆ హోరు మీదుగా పాడించేవాడు. వెనక కూర్చున్నోళ్ళకు నీ మొహం కనపడదు, గొంతే ఏడవాల అనేవాడు.

ఆ నాటకానికి ఒక కట్టుబాటు ఉంది. రాణి చావగానే జనం లేచి పోకూడదు. వీరాంపట్టినంలో ఎండుచేపలు అమ్మే పాప్పా ఆట మొదలుకాక ముందే ఇత్తడి చెంబులో సముద్రపు నీళ్ళు తెచ్చి, పసుపూ వేపాకూ వేసి, మకరవల్లి చావుకు అని చెప్పి కలుపుతుంది. చచ్చి పడి ఉన్న వేషగాడి మీద ఆ నీళ్ళు చల్లితే అతను లేస్తాడు. మిగిలినవి జనం మీద చల్లుతుంది. ఆటలో చావు ఎవరి వెంటా ఇంటికి రాకూడదని అలా చేస్తారు. ఒకసారి కలిపిన నీళ్ళను ఇంటికి తీసుకుపోకూడదు, నేల మీద పారబోయకూడదు. ముందు చచ్చి పడినవాడి మీద, తరువాతే జనం మీద పడాలి. మగవాళ్ళు సముద్రం మీదికి పోయే ఇళ్ళలో ఈ మాటకు ఎదురు లేదు.

పెద్ద యుద్ధం ముగిసిన తరువాత ఊళ్ళోకి డేరా సినిమా వచ్చింది. నాటకానికి పిలిచేవాళ్ళు తగ్గారు. మద్దెల వాయించేవాడు డేరాలో పనికి కుదిరాడు. రాజు వేషం కట్టేవాడు సైగాన్ ఓడెక్కిపోయాడు. వీరాంపట్టినం తేరు పండగకు కూడా పిలుపు రాలేదు. నాటకంలో మిగతా పాటలు పోయినా చెల్లప్పన్‌కు దిగులు లేదు. ఒప్పారి మాత్రం జనం ముందు పాడకపోతే గొంతులోనే చచ్చిపోతుందని భయం. తిరుమలై పోయాడు. అది తెలిసిన గొంతు ఇంకొకటి లేదు. అందుకని మిల్లులో యంత్రాల మోతలో, తొట్టి మీద వంగి పాడుకునేవాడు. పక్క తొట్టి మునియప్పన్ రోజూ అడిగేవాడు.

"ఎవురు మామా సచ్చింది ఈ పొద్దు?"

"నీ మేస్త్రీ."

"అట్లైతే ఇంకొంచెం గట్టిగా పాడు."

అలాంటి రోజుల్లో మద్రాసు కంపెనీ ఒకటి మకరవల్లి కథను సినిమాగా తీసింది. అప్పటి బొమ్మలకు మాట లేదు. తెర పక్కన ఒకడు నిలబడి కథ చెప్పాలి. డేరా యజమాని సౌందరరాజన్ ఆ పనికి చెల్లప్పన్‌ను పిలిపించాడు. ఊరికంతా మకరవల్లి అంటే ఇతనే కాబట్టి. ఇది బాగా జరిగితే ఇక ముందు వచ్చే సినిమాలన్నిటికీ నువ్వే చెప్పవచ్చు అన్నాడు. ఒప్పారికి మళ్ళీ చోటు దొరికిందనుకున్నాడు చెల్లప్పన్.

ముందుగా డేరా తలుపులు దించి ఒకసారి సినిమా ఆడించి చూపించారు. చెల్లప్పన్ నేల మీద కూర్చుని, పనివాడు ఇంకొకడి పనిని చూసినట్టు చూశాడు. నాటకంలో సముద్రం అంటే ఇద్దరు పట్టుకుని ఊపే నీలిగుడ్డ. తెర మీద నిజం సముద్రమే ఉంది. నాటకంలో రాణి ఎదురుచూపు సగం ఆట. ఇక్కడ ఆమె ఒకసారి కిటికీలోంచి చూసింది, అంతటితో ఎదురుచూపు అయిపోయింది. ఆ మిగిలిన పొద్దంతా గుర్రాలు పరుగెత్తాయి. ఆడ వేషం ఆడమనిషే కట్టింది. ఒక చోట తెరంతా ఆమె మొహమే నిండింది. కంటి నీటిబొట్టు కడవంత కనిపించింది. ఇక గొంతు ఏడవాల్సిన పని లేదని అతనికి అర్థమైంది. ఆ పనితనాన్ని అతను తక్కువ చేయలేదు.

చివర్లో రాణి నడుము లోతు నీళ్ళలోకి దిగింది. అప్పుడు ఒడ్డు వెంట గుర్రం మీద రాజు వచ్చాడు. దూకి ఆమెను ఎత్తుకున్నాడు. తెర తెల్లబడింది.

"మిగిలిన బొమ్మ చుట్ట యాడ?" అని అడిగాడు చెల్లప్పన్.

మిగిలినది ఏమీ లేదన్నాడు సౌందరరాజన్. ఏడుస్తూ ఇంటికి పోయినవాడు రెండోసారి రాడని కంపెనీవాళ్ళు కథ మార్చారట. తెర మీద ఏది ఉంటే అదే చెప్పాలి, ఒప్పారి పాడితే మరుసటి రోజు నుంచి రావద్దు అని కూడా చెప్పాడు.

మొదటి ఆటకు వీరాంపట్టినం, అరియాంకుప్పం నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చారు. పాప్పా చెంబుతో వచ్చి ముందు వరసలో కూర్చుంది. చెంబు మూతి మీద వేపాకు చూడగానే, నీళ్ళు అప్పుడే కలిపేసిందని చెల్లప్పన్‌కు తెలిసింది. రాణి చావదని ముందే ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని తోచలేదు కూడా. తెర మీద రాణి నడిచి రాగానే ఆడవాళ్ళలో ఎవరో, మన చెల్లప్పన్ నడిస్తే ఆడది, ఈమె నడిస్తే సిపాయి అన్నారు. డేరా అంతా నవ్వింది. అతను సినిమాలో ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటూ పోయాడు. గుర్రం వచ్చింది. రాజు రాణిని ఎత్తుకున్నాడు. అయిపోయింది.

ఎవరూ లేవలేదు.

యంత్రం తిప్పేవాడు తెర మీద దీపం అలాగే ఉంచాడు. సౌందరరాజన్ వచ్చి ఆట ముగిసింది, ఇంటికి పోండి అన్నాడు. జనం కదలలేదు. ఆట నచ్చలేదేమో, గొడవ చేస్తారేమో అని అతను భయపడ్డాడు. అప్పుడు పాప్పా గొంతు వినిపించింది.

"ఏమప్పా చెల్లప్పా, ఆయమ్మ ఎప్పుడు సచ్చేది?"

"ఈ ఆటలో సావదు అక్కా."

"సావకుంటే మంచిదే. నీళ్ళు కలిపేసినానే. వీటినేం చేసేది?"

సౌందరరాజన్ బయట పారబోయమన్నాడు. ముందు వరసలోని ఆడవాళ్ళు అతని వంక చూసిన చూపుకు మళ్ళీ ఆ మాట అనలేదు.

చెల్లప్పన్ యజమాని వైపు చూశాడు. తరువాత చెంబు వైపు చూశాడు. పైగుడ్డ తీసి తల మీద ముసుగు వేసుకుని, తెల్ల తెర ముందు కూర్చున్నాడు. మీసం ఉంది, పంచె ఉంది, మద్దెల లేదు. ఒప్పారి ఎత్తుకున్నాడు.

మొదట ఎవరికీ ఏడుపు రాలేదు. ఇప్పుడే కదా రాజు వచ్చింది, ఇద్దరూ బాగున్నారు కదా అన్నట్టు కూర్చున్నారు. ఒడ్డున ఎవరూ రాలేదే అనే చరణం దగ్గర మారింది. ఎన్నో పండగల్లో విన్న చరణమే. అయితే అప్పుడు రాజు ఎటునుంచి వస్తాడో ఎవరూ చూసి ఉండలేదు. ఇప్పుడు గుర్రం వచ్చిన ఇసుక దారి అందరి కళ్ళలోనూ ఉంది. కొంచెం ముందు వచ్చి ఉంటే బతికేదని కళ్ళారా చూసినవాళ్ళు ఆ చరణానికి తట్టుకోలేకపోయారు. వెనక వరసలో మగవాళ్ళు కూడా తల దించుకున్నారు. పాడుతున్న చెల్లప్పన్‌కు అది తెలిసింది. అదే చరణాన్ని ఇంకొకసారి, ఇంకా మెల్లగా పాడాడు. పాడి, పడిపోయాడు.

పాప్పా లేచి నీళ్ళు చల్లింది. అతను లేచాడు. మిగిలినవి జనం మీద పడ్డాయి. తలలు తుడుచుకుంటూ అందరూ ఇంటికి పోయారు.

మరుసటి రోజు చెల్లప్పన్ డేరా వైపు పోలేదు. సాయంత్రం సౌందరరాజనే మిల్లు వాకిటికి వచ్చాడు. ఒప్పారి కోసం జనం అప్పుడే డేరా దగ్గర కూర్చుని ఉన్నారట.

"బొమ్మ నాది, సావు నీది" అన్నాడు. "బొమ్మ అయిపోతానే నా దీపం ఆర్పేస్తా. నీ సావుకు నువ్వే లాంతరు తెచ్చుకో."

చెల్లప్పన్ లాంతరు తెచ్చుకున్నాడు. ఆ సినిమా ఊళ్ళో ఆడినన్నాళ్ళూ రాణి తెర మీద బతికింది, లాంతరు వెలుతురులో చచ్చింది. తరువాత చుట్టలు కడలూరుకు పోయాయి. అక్కడ ఎవరూ నీళ్ళు కలపలేదు, రాణి బతికే ఉందని ఇక్కడివాళ్ళు విన్నారు. చెల్లప్పన్ మరి కొన్నేళ్ళు వేరే సినిమాలకు కథ చెప్పాడు. బొమ్మలకు మాట రాగానే ఆ పని పోయింది. మిల్లు పని మాత్రం నిలిచింది.

వీరాంపట్టినం తేరుకు మళ్ళీ పిలుపు వచ్చినప్పుడు అతని గొంతు కొంచెం బొంగురు పోయింది. గోళ్ళు నీలంగానే ఉన్నాయి. ఒప్పారిలో ఆ చరణం దగ్గరికి వచ్చి ఆగాడు. గుర్రపు డెక్కల చప్పుడు విన్నవాడిలా ఒడ్డు వైపు తల తిప్పాడు. కాసేపు అలాగే చూశాడు. ఎవరూ రాలేదు. తల దించుకుని నీలిగుడ్డలోకి నడిచాడు.

నీళ్ళు చల్లడానికి వంగిన పాప్పా అతని చెవి దగ్గర అడిగింది.

"ముందు ఇది లేదే. యాడ నేర్చినావు?"

చచ్చినవాడు మాట్లాడకూడదు గనక, నీళ్ళు మీద పడేదాకా ఆగి చెప్పాడు.

"డేరాలో."

పాప్పా తలాడించి జనం వైపు తిరిగింది. ఆ సారి చెంబులో నీళ్ళు వెనక వరసల దాకా చాలలేదు. మరుసటి ఏడు బిందె తెచ్చింది.